ఒంటరిగా ఉన్నప్పుడు జ్వరం వస్తే

మార్చి 4

అమ్మాయీ,

నీ కార్డు అందింది. అడ్రసూ ఫోను నంబరూ తప్ప దాని మీద ఒక్క ముక్క లేదు. పోనీలే, అడ్రసు రాశావంటే ఉత్తరం రాయమనే కదా. ఫోను సంగతి నీకు తెలిసిందే. చెవి మిషను పెట్టుకుని మాట్లాడబోతే అది కీచుమంటుంది, తీసేస్తే నీ గొంతు దోమ రొదలా ఉంటుంది. టెలిఫోను ఎక్స్చేంజిలో కూర్చుని ఊరందరి మాటలూ కలిపిన దాన్ని నేను. ఇప్పుడు సొంత కోడలి మాట వినాలంటే పోస్టుమాను దారి కాయాలి. నవ్వుకో.

నువ్వు వెళ్ళేటప్పుడు నేను మా అక్కయ్య దగ్గర ఉన్నాను కదా. తిరిగొచ్చి తలుపు తీసేసరికి మాడు వాసన గుప్పుమంది. ఎక్కడా అని వెతికితే పాలగిన్నె మంచం కింద దొరికింది. అడుగంతా బొగ్గు. మీ ఆయన దాన్ని అక్కడ దాచాడు. నలభై దాటిన మనిషి, మాడిన గిన్నెని మంచం కింద దాచడమేమిటే! స్నానాలగదిలో చొక్కాలన్నీ గులాబీ రంగులో తేలుతున్నాయి. నీ ఎర్ర దుప్పటితో కలిపి నానబెట్టాడట. ఆ గులాబీ చొక్కాలే తొడుక్కుని ల్యాబుకి వెళ్ళి, జనాలకి పళ్ళ సెట్లు చేసి వస్తున్నాడు.

"ఎందుకు వెళ్ళిందిరా?" అని అడిగాను. "నేను అడగలేదమ్మా" అన్నాడు. అంతే. ఇక ఎంత పొడిచినా పలకడు.

వాడు చెప్పకపోయినా నాకు తెలుసు. వాడికి ఒక్క పనీ రాదు. నువ్వు విసిగిపోయావు. నీ విసుగులో తప్పులేదు. కానీ రాని పని నేర్పితే వస్తుంది. పొయ్యి వెలిగించడం దగ్గర్నుంచి చొక్కా మడతపెట్టడం దాకా అన్నీ నేను నేర్పుతాను. నేర్పి నీ చేతికి అప్పగిస్తాను. అప్పుడు వస్తావా? ఈ ఒక్కదానికి జవాబు రాయి, మిగతావి నీ ఇష్టం.

నీ గది తలుపుకి లోపల గడియ సరిగా పడుతుందో లేదో చూసుకో.

నీ మీద కోపం లేని
అత్తయ్య


మార్చి 15

అత్తయ్యా,

మంచం కింద గిన్నె దగ్గర నవ్వు ఆపుకోలేకపోయాను. తర్వాత అది నేను ముచ్చటపడి కొనుక్కున్న గిన్నె అని గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది.

ఇక్కడ నాకు డ్రైవింగ్ స్కూల్లో నేర్పే పని దొరికింది. పక్క సీట్లో కూర్చుంటాను, నా కాలి కింద ఒక బ్రేకు ఉంటుంది. పనంతా ఆ బ్రేకే. రిటైరైన ఒక పెద్దాయన వస్తున్నారు. గేరు కరకరమన్న ప్రతిసారీ కారుకి "క్షమించమ్మా" అని చెబుతారు. మందుల షాపు నడిపే ఒకావిడ ఉంది, వెనకనుంచి ఎవరైనా హారన్ కొడితే కళ్ళు మూసుకుంటుంది. నేను ఉండేది దర్జీ దుకాణం పైన గదిలో. పొద్దుటినుంచి కుట్టుమిషన్లు నా కాళ్ళ కింద నడుస్తూనే ఉంటాయి. కిటికీ తీస్తే ఎదురింటి గోడ, గోడకి ఒక పైపు. గడియ బాగానే పడుతోంది.

అత్తయ్యా, ఆయనకి పని రాదని నేను వచ్చేయలేదు. ఇన్నేళ్ళూ ఆ పనులు విసుక్కుంటూనైనా చేశాను. ఆపరేషనయి ఇంటికొచ్చిన రోజున మీరు లేరు. కుట్ల మీద చెయ్యి అదుముకుంటూ టాక్సీ దిగి, గోడ పట్టుకుని లోపలికొచ్చి పడుకున్నాను. ఆయన గుమ్మంలో నిలబడ్డారు. ఏదో ఒకటి అడుగుతారని చూశాను. చాలాసేపటికి "మరి... అన్నం ఎలాగ?" అన్నారు. గట్టిగా కూడా కాదు, భయం భయంగా. నేను లేచి వండాను. మర్నాటికి జ్వరం వచ్చింది. మంచినీళ్ళు అడిగితే తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్ళారు. ఆ బల్ల ఎక్కడుందో మీకు తెలుసు, కిటికీ దగ్గర. మంచం మీంచి లేస్తే తప్ప అందదు. ఆ గ్లాసు వైపు చూస్తూ పడుకుని అనుకున్నాను, ఇక చాలు అని.

ఆయన చేతకానివారు కాదు. పన్ను వెంట్రుకవాసి ఎత్తు ఎక్కువైతే గంటల తరబడి కూర్చుని అరగదీసే మనిషి. ఆ చేతులకి గ్లాసు మంచం దాకా తేవడం రాదంటే నేను నమ్మను.

సరే, మీరు నేర్పండి. ఆయన వండుకున్న అన్నం ఆయన తిని, ఆయన ఉతుక్కున్న చొక్కా తొడుక్కున్న రోజున నాకు రాయండి. అప్పుడు చూద్దాం.

మీ మోకాలికి నూనె రాసుకోవడం మానకండి.

ఇంకా మీ కోడలే


ఏప్రిల్ 2

బంగారు తల్లీ,

"చూద్దాం" అన్నావు! నాకు ఆ మాట చాలు. ఆ సాయంత్రమే మీ ఆయన్ని కూర్చోబెట్టి చెప్పాను. "అది వస్తానంది, కాని నువ్వు పనులు నేర్చుకున్నాకే వస్తానంది" అని. కాసేపు నా మొహంలోకి చూసి, "ఏమేం పనులు?" అన్నాడు. లేచి చొక్కా చేతులు పైకి మడిచాడు. నిజం, మడిచాడు.

ఇక నా అవస్థ విను. ఉల్లిపాయ కోయమంటే ల్యాబులో పెట్టుకునే కళ్ళద్దాలు తెచ్చి పెట్టుకున్నాడు. వాటిని రెండు చెవులకీ తగిలించుకుని, ఉల్లిపాయ మీదికి వంగి, పన్ను చెక్కుతున్నంత పొందికగా కోశాడు. ఒక్క పాయ కోసేసరికి నాకు ఆకలి చచ్చిపోయింది. కానీ ఆ ముక్కలు చూడాలి నువ్వు! అచ్చు పోసినట్టు అన్నీ ఒకే కొలత. బియ్యానికి నీళ్ళు ఎన్ని అంటే "చూసి పొయ్యాలిరా" అన్నాను. "చూసి అంటే ఎంతమ్మా?" అంటాడు. చివరికి వేలు ముంచి చూపించాను. వాడు నా వేలు కాదు, తన వేలు కొలుచుకున్నాడు. మొదటి రోజు అన్నం జావ. రెండో రోజు రాళ్ళు. ఇప్పుడు పర్వాలేదు, తినొచ్చు.

తెల్లబట్టలు వేరు, రంగుబట్టలు వేరు అని నేర్పాను. ఇస్త్రీ నేర్పాను. బొత్తాం కుట్టమంటే దారానికి మైనం పట్టించి మరీ కుట్టాడు, ఇక ఆ చొక్కా చిరిగినా బొత్తాం ఊడదు. బజారుకి పంపితే మొదట్లో కుళ్ళిన టమాటాలే తెచ్చేవాడు. ఏరుకోవడం మొహమాటమట. "నీ సొమ్ము పోసి కొనేదానికి మొహమాటం ఏమిట్రా?" అని నేనే వెంట వెళ్ళి ఏరించాను.

ఆ గ్లాసు సంగతి చదివి నాకు మనసు బాగాలేదు. నేను ఇంట్లో ఉంటే అలా జరిగేదా చెప్పు?

నీ ఎర్ర దుప్పటి ఉతికి పెట్టాను. వచ్చాక కప్పుకుందువుగాని.

నీ రాక కోసం చూస్తూ
అత్తయ్య


ఏప్రిల్ 12

అత్తయ్యా,

"చూద్దాం" అంటే చూద్దాం అనే అర్థం. వస్తానని కాదు. ఆ మాట పట్టుకుని ఆయనకి అలా ఎందుకు చెప్పారు? రేపు నేను రాకపోతే మాట తప్పినదాన్ని నేనవుతాను. ఉత్తరం చదివిన రోజు నా ధ్యాస పని మీద లేదు. మందుల షాపు ఆవిడ కళ్ళు మూసుకోవడం, నేను బ్రేకు తొక్కడం మర్చిపోవడం ఒకేసారి జరిగాయి. ఎవరికీ ఏమీ కాలేదు, ఒక చెత్తకుండీ ఒరిగింది.

"నేను ఇంట్లో ఉంటే అలా జరిగేదా" అన్నారు. జరిగేది కాదు. మీరుంటే అన్నం మీరు వండేవారు, నీళ్ళు మీరు ఇచ్చేవారు. నా బాధ అదే కదా అత్తయ్యా.

కోపంగా రాశానని బాధపడకండి. కళ్ళద్దాలు పెట్టుకుని ఉల్లిపాయ కోయడం మాత్రం కింద దర్జీ వాళ్ళందరికీ చెప్పి నవ్వించాను.

ఎలాగూ నేర్పుతున్నారు కాబట్టి చెబుతున్నాను. వంట అవగానే గ్యాసు సిలిండరు దగ్గర కట్టేయడం నేర్పండి, పొయ్యి దగ్గర కట్టేస్తే చాలదు. కరెంటు పోతే ముందు పక్కింట్లో ఉందో లేదో చూడాలి, ఆ తర్వాతే మెయిన్ స్విచ్చి ముట్టుకోవాలి. కుళాయి విరిగితే నీళ్ళు కట్టేసే మర మెట్ల కింద ఉంది. ఇన్నేళ్ళలో ఆయన ఆ మెట్ల కిందికి వంగింది లేదు.

కానీ ఇవన్నీ మనిషి తన కోసం తను చేసుకునే పనులు. ఒక్క పని ఇంకొకరి కోసం చేసేది నేర్పండి. ఇంట్లో ఒకరికి జ్వరం వస్తే రెండోవాళ్ళు ఏం చేయాలి? అదొక్కటి వచ్చి ఉంటే చాలు, మిగతావేవీ రాకపోయినా నేను ఆ ఇంట్లోనే ఉండేదాన్ని.

ఆయన నా గురించి ఏమైనా అడుగుతారా? అడక్కపోతే అడగలేదనే రాయండి. కల్పించి రాయకండి.

మీ మాట కాదనలేక, అవుననలేక
కోడలు


మే 6

నా తల్లీ,

ఈ ఉత్తరం కూర్చుని నెమ్మదిగా చదువు.

నువ్వు చెప్పిన పాఠం నేర్పాను. నోటితో చెబితే ఎక్కదని నేనే జ్వరం తెచ్చుకున్నాను. దొంగజ్వరం. పొద్దున్నే దుప్పటి ముసుగేసి మూలిగాను. మీ ఆయన వచ్చి సరిగ్గా గుమ్మంలో నిలబడ్డాడు. నాకు నీ ఉత్తరం గుర్తొచ్చి ఒళ్ళు మండింది. "అక్కడ నిలబడితే జ్వరం దిగదురా, లోపలికి రా" అన్నాను. వచ్చాడు. "చెయ్యి పెట్టి చూడు" అన్నాను. నా నుదుటి మీద చెయ్యి పెట్టాడు. ఎంత చల్లటి చెయ్యో! వాడి చెయ్యి నా మీద పడి ఎన్నాళ్ళయిందో అనుకుంటే కళ్ళు చెమర్చాయి. జ్వరం వల్లే అనుకున్నాడు.

థర్మామీటరు పెట్టబోయే ముందు వేడి టీ ఒక గుక్క నోట్లో పట్టి మింగాను, అది కూడా నా వైపే మాట్లాడింది. ఆ రోజు ల్యాబు మానేశాడు. తడిగుడ్డ వేశాడు. గంజి కాచాడు, ఉప్పు సరిపోయింది. మాత్రకి ముందు ఏదైనా తినాలని చెప్పాను. నీళ్ళు బల్ల మీద కాదు, చెయ్యి చాపితే అందే చోట పెట్టాలని చెప్పాను. అన్నీ చేశాడు.

మధ్యాహ్నం నా మంచం పక్కన కుర్చీ వేసుకుని చాలాసేపు కూర్చున్నాడు. ఉన్నట్టుండి, "అమ్మా, మనిషి ఒంటరిగా ఉన్నప్పుడు ఇలా జ్వరం వస్తే ఎలాగమ్మా?" అన్నాడు. నువ్వు అక్కడ ఆ గదిలో ఒక్కదానివే ఉన్నావు కదా! నోరు తెరిచి నీ పేరెత్తలేడు, అలా చుట్టుతిప్పి అడిగాడు. "ఒంట్లో నలతగా ఉన్నప్పుడే గంజి కాచి పెట్టుకోవాలి, మాత్రలు దిండు పక్కన ఉంచుకోవాలి, గడియ వేసుకోకూడదు" అని చెప్పాను. ఎంత శ్రద్ధగా విన్నాడని! నా మాట అంత శ్రద్ధగా ఎప్పుడూ విన్నవాడు కాదు. "గడియ వేసుకోకూడదు" అని తనలో తను మళ్ళీ అనుకున్నాడు కూడా.

కల్పించి రాయొద్దన్నావు. ఇందులో ఒక్క అక్షరం కల్పన లేదు.

ఇక ఏం చూస్తావే? వచ్చెయ్యి.

దొంగజ్వరం అత్తయ్య


మే 14

అత్తయ్యా,

మీ ఉత్తరం చాలాసార్లు చదివాను. ఆ ఒక్క మాట దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ ఆగిపోయాను. ఇన్నేళ్ళ కాపురంలో నాకు నొప్పిగా ఉందా అని అడగని మనిషి, ఒంటరిగా ఉన్నప్పుడు జ్వరం వస్తే ఎలాగ అని అడిగారంటే, నేను ఆయన్ని సరిగా చూడలేదేమో అనిపించింది. కొందరికి మాటలు లేటుగా వస్తాయేమో.

నిజం చెప్పనా? ఏప్రిల్లో నాకు నిజంగానే జ్వరం వచ్చింది. మీకు రాయలేదు. గడియ వేసుకునే పడుకున్నాను. కింద దర్జీ ఆవిడ తలుపు బాది బాది లేపింది. అందుకే ఆ మాట నాకు అంతగా తగిలింది.

ఈ నెల ఆఖరి ఆదివారం వస్తాను. చూడ్డానికే. ఉండటం సంగతి తర్వాత. ఆయనకి చెప్పకండి, స్టేషనుకి ఎవరూ రాకండి. వస్తున్నానని తెలిస్తే ఆయన కొయ్యబారిపోతారు. మామూలుగా ఉన్నప్పుడు చూడాలి. ఆయన వండింది తిని చూస్తాను.

గులాబీ చొక్కాల బదులు నీలం చొక్కా ఒకటి కొన్నాను. కాలరు కొలత గుర్తుందో లేదో అనుకున్నాను, షాపులో నోరు తెరవగానే అదే వచ్చేసింది.

పెద్దాయన డ్రైవింగ్ పరీక్ష పాసయ్యారు. కారు దిగి దాని బానెట్టు నిమిరి వెళ్ళారు.

ఆదివారం కలుద్దాం.

మీ కోడలు


మే 25

అమ్మాయీ,

నీ ఉత్తరం అందింది. ఈ ఆదివారం వద్దు. ఇంటికి రంగులు వేయిస్తున్నాం. సామాను అంతా బయట ఉంది. ఆ వాసన నీకు పడదు. వచ్చే నెల చూసుకుందాం. నేనే రాస్తాను. అప్పటిదాకా రావద్దు.

అత్తయ్య


జూన్ 1

అత్తయ్యగారికి,

మీ ఉత్తరం నేను తిరిగొచ్చాక నా తలుపు కింద కనిపించింది. అంటే నేను ఆదివారం వచ్చాను.

గంట కొట్టాను. తలుపు తట్టాను. ఆయన చెప్పులు గుమ్మం దగ్గర లేవు. పక్కసందులోకి వెళ్ళి వంటింటి కిటికీలోంచి చూశాను. మీరు వీపు ఇటుపెట్టి కూర్చుని బఠాణీలు ఒలుస్తున్నారు. కిటికీ రెక్క మీద కొట్టాను, "అత్తయ్యా" అని పిలిచాను. మీరు కదల్లేదు. మిషను పెట్టుకోలేదేమో అనుకున్నాను గాని, మీ చెవి వెనక అది కనిపిస్తూనే ఉంది. ఎదురింటివాళ్ళు బయటికొచ్చి చూస్తుంటే సిగ్గేసింది. చొక్కా పొట్లం తలుపు గొళ్ళేనికి తగిలిద్దామనుకున్నాను. ఎందుకులే అని మళ్ళీ తెచ్చేసుకున్నాను.

రంగులు ఎక్కడా వేయలేదు. గోడ మీద నేను కొట్టిన మేకు దగ్గర పెచ్చు కూడా అలాగే ఉంది.

వద్దని ఆయన అన్నారా, మీరే అనుకున్నారా? ఎవరన్నా ఫర్వాలేదు, కానీ నన్ను ముందు రమ్మని పిలిచింది మీరు. లోపల కూర్చుని బయట నన్ను నిలబెట్టాల్సినంత తప్పు నేనేం చేశాను?

జవాబు రాయకపోయినా ఏమీ అనుకోను.


జూన్ 8

అమ్మా,

నువ్వు వచ్చావా! నా తలుపు ముందుకి వచ్చి వెళ్ళిపోయావా!

ఇప్పుడు నిజం రాస్తాను. దాచి నేను సాధించింది ఏమీ లేదు.

చెవి మిషను చెవికి ఉంది, కానీ అది చచ్చి ఉంది. అందులో కందిగింజంత బ్యాటరీ ఉంటుంది. ఇన్నేళ్ళలో దాన్ని నేను ఒక్కసారీ మార్చుకోలేదు. అది మూలగడం మొదలుపెడితే మీ ఆయన వచ్చి, నా చెవి దగ్గర వంగి, ఆ సన్నటి వేళ్ళతో మార్చేసి వెళ్ళిపోయేవాడు. నేను అడిగింది లేదు, వాడు చెప్పింది లేదు. వాడు ఇంట్లో చేసే పని అది ఒక్కటే ఉండేదని వాడు వెళ్ళాకే తెలిసింది.

అవును, వెళ్ళిపోయాడు. నువ్వు వస్తానని రాసిన ఉత్తరం నా చేతికి అందేసరికి వాడి గది ఖాళీ. ల్యాబు దగ్గరే ఒక గది తీసుకున్నాడు. బట్టలు, ఇస్త్రీపెట్టె, ఒక గిన్నె, ఒక కంచం తీసుకెళ్ళాడు. సామాను సర్దుతుంటే అడ్డం నిలబడ్డాను.

"ఎక్కడికిరా?" అన్నాను.

"నాకు ఇప్పుడు అన్నీ వచ్చు కదమ్మా" అన్నాడు.

"వస్తే? నీ పెళ్ళాం కోసం కదరా నేర్చుకున్నావు!"

"అది నువ్వన్నావమ్మా. నేను అనలేదు." మంచం మీద కూర్చుని చొక్కా మడతపెడుతూ నెమ్మదిగా చెప్పాడు. "నాకు చిన్నప్పటినుంచీ ఒకటే భయం. పక్కన మనుషులు లేకపోతే తిండిలేక చచ్చిపోతానని. ఆ భయంతోనే పెళ్ళి చేసుకున్నాను. ఆవిడ లేచి వండుతుంటే చూస్తూ, ఈవిడకి ఏమైనా అయితే నా గతేమిటి అనే అనుకునేవాణ్ణి. ఇప్పుడా భయం పోయింది. మొన్న నీ జ్వరంతో ఆ కాస్తా పోయింది. ఒక్కణ్ణే ఉండగా జ్వరం వచ్చినా ఏం చేసుకోవాలో తెలిసింది."

అప్పుడు అర్థమైంది నాకు, ఆ రోజు వాడు ఎవరి గురించి అడిగాడో. నేనేమో నీకు ఏమని రాశాను!

"మరి అది?" అన్నాను. "తను కూడా హాయిగా ఉంటుందిలే అమ్మా" అన్నాడు. కోపం లేదు, ద్వేషం లేదు. పిల్లాడిలా నవ్వాడు. వాడలా నవ్వగా నేను చూసి ఎన్నో ఏళ్ళయింది. అలా నవ్వేవాణ్ణి ఏమని తిట్టను?

వారం తిరక్కుండా గిన్నె మాడ్చుకుని వచ్చేస్తాడనుకున్నాను. అందుకే నీకు ఆ రంగుల అబద్ధం రాశాను. వాడు వచ్చాక నిన్ను పిలుద్దామనుకున్నాను. అబద్ధం రాయడం కూడా సరిగా చేతకాలేదు. తర్వాత వాడి గదికి వెళ్ళి చూశాను. అద్దంలా ఉంది. చొక్కాలు వరసగా వేలాడుతున్నాయి. సిలిండరు దగ్గర గ్యాసు కట్టేసి ఉంది. మంచం పక్కన స్టూలు, దాని మీద మూతపెట్టిన మంచినీళ్ళు, చెయ్యి చాపితే అందేలా. నేను చెప్పింది ఒక్కటీ మర్చిపోలేదు.

వాడి సంగతి వదిలెయ్యి. నువ్వు నా దగ్గరికి రా. ఇక్కడా డ్రైవింగ్ స్కూళ్ళున్నాయి. ముందుగది నీకు ఇస్తాను. ఆదివారం నువ్వు వచ్చింది వాడి కోసమేనా? కొంచెమైనా నా కోసం కాదా?

అత్తయ్య


జూలై 3

అత్తయ్యా,

ఇన్నాళ్ళు రాయనందుకు కోప్పడకండి. ఏం రాయాలో తెలియలేదు. అపార్థం చేసుకుని అంత మాట అన్నందుకు మాత్రం మొదటి రోజే సిగ్గుపడ్డాను.

విడాకుల కాగితాలు వచ్చాయి. ఆయన చేతిరాతతో ఒక చీటీ కూడా ఉంది, "ఆరోగ్యం జాగ్రత్త" అని. చక్కటి రాత. సంతకం పెట్టి పంపేశాను. పెట్టేటప్పుడు ఏమీ అనిపించలేదు. పోస్టు చేసి వచ్చి కారులో స్టీరింగు ముందు కూర్చున్నాక ఏ కాలు ఏ పెడలు మీద పెట్టాలో తోచలేదు. నేర్చుకోవడానికి వచ్చినమ్మాయే "మేడమ్, మీరు ఇటు కూర్చోండి" అంది.

మీరు అడిగారు కాబట్టి చెబుతున్నాను. నేను ఆదివారం వచ్చింది ఆయన కోసమే. మీ కోసం అని రాస్తే మీరు సంతోషిస్తారు. కానీ మన ఇద్దరి మధ్యా ఇప్పటికే చాలా అబద్ధాలు అయ్యాయి.

నేను రాలేను అత్తయ్యా. మీరు పొద్దున లేస్తూనే ఆయన గురించి మాట్లాడతారు, మాట్లాడకుండా ఉండలేరు. నేను వింటాను. వినకుండా ఉండలేను. ఆదివారం ఆయన మిమ్మల్ని చూడ్డానికి వస్తే నేను లోపలి గదిలో కూర్చుని, గిన్నెల చప్పుడు వింటూ, ఈయన ఇంత బాగా చేసుకుంటున్నారే అనుకోవాలి. ఆయన చేతకానివారుగా ఉన్నప్పుడు నాకు కోపం ఉండేది, ఆ కోపం పట్టుకుని బతికాను. ఇప్పుడది కూడా లేదు.

మీరు ఆయనకి నేర్పినందుకు నేను సంతోషించాలి. ఎంత ప్రయత్నించినా రావడం లేదు.

స్కూలువాళ్ళు వేరే ఊళ్ళో కొత్త బ్రాంచి పెడుతున్నారు, అక్కడికి పంపుతున్నారు. అడ్రసు కుదిరాక రాస్తాను. నీలం చొక్కాని కింది దుకాణం దర్జీ ఆవిడ భర్తకి ఇచ్చేశాను, కాలరు వదులైందట. బ్యాటరీ మార్చడానికి పక్కింటి నర్సుని అడగండి, మొహమాటపడకండి. మంచిది.

మీ దగ్గర్నుంచి ఉత్తరాలు రావడం అలవాటైపోయిన
కోడలు


జూలై 20

అమ్మాయీ,

ఈ ఉత్తరం పాత అడ్రసుకే పంపుతున్నాను. నువ్వు వెళ్ళిపోయి ఉంటే దర్జీ ఆవిడ అందిస్తుందేమో.

నువ్వు రాసింది చదివాను. రమ్మని ఇంక అడగను.

పక్కింటి నర్సు వచ్చి బ్యాటరీ వేసింది. మార్చడం నాకూ చూపించింది గాని నా వేళ్ళకి ఆ బిళ్ళ చిక్కడం లేదు. రెండుసార్లు కింద పడితే బల్ల కింద వెతకలేక వదిలేశాను. ఆవిడే వచ్చి వేస్తానంది.

నిన్న ఆదివారం వాడు వచ్చాడు. మనిషి కాస్త ఒళ్ళు చేశాడు. కూర వండి డబ్బాలో తెచ్చాడు. అన్నం ఇక్కడే వండాడు, నన్ను లేవనివ్వలేదు. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని తిన్నాం. "ఉప్పు సరిపోయిందా?" అని అడిగాడు. సరిపోయిందన్నాను. నిజంగానే సరిపోయింది. నీ మాట వస్తుందేమో అని చూశాను. రాలేదు. నేనూ ఎత్తలేదు. ల్యాబులో కొత్త మిషను వచ్చిందని, పళ్ళు ఇప్పుడు అందులోనే తయారవుతాయని చెప్పాడు. వాడి చేతిపని ఇక ఎన్నాళ్ళో అన్నాడు. దిగులుగా చెప్పలేదు, ఊరికే చెప్పాడు.

తిన్నాక లేచి వంటింట్లోకి వెళ్ళాడు. చెవి మిషను పనిచేస్తోంది కాబట్టి కుళాయి చప్పుడు వినిపించింది, గిన్నె మీద పీచు రుద్దే చప్పుడు వినిపించింది. కళ్ళు మూసుకుని వింటూ కూర్చున్నాను. ఇంట్లో ఇంకొక మనిషి చప్పుడు విని చాలా రోజులైంది. చేతులు తుడుచుకుంటూ వచ్చి, "వస్తానమ్మా, గడియ వేసుకోకు" అని చెప్పి వెళ్ళాడు.

నేను లేచి వంటింట్లోకి వెళ్ళి చూశాను. వాడి కంచం, వాడి గ్లాసు, వాడి డబ్బా శుభ్రంగా కడిగి, తడి లేకుండా తుడిచి పెట్టాడు. కంచం, గ్లాసు బోర్లించి ఉన్నాయి, డబ్బా సంచిలో పెట్టుకుని సంచి మర్చిపోయాడు. నా కంచం తొట్టిలో ఉంది. మెతుకులు ఎండిపోయాయి.

ఇంకా అలాగే ఉంది. ఇది పోస్టు చేసి వచ్చి కడుక్కుంటాను.

ఉంటాను మరి.